చెన్నయ్యకు వేసిన ఆకు

బెంగళూరు శివారు చందాపుర కూడలిలో కూరగాయలు కొనేవాళ్లలో నర్సమ్మ నోటికి భయపడనివాళ్లు లేరు. బేరమాడితే ఊరుకుంటుంది. అనప చిక్కుడుకాయ విరిచి, వాసన చూసి, పెదవి విరిచి మళ్లీ కుప్పలో పడేసి పోతే మాత్రం ఊరుకోదు. ఆ మనిషి అత్తిబెలె బస్సు ఎక్కేదాకా ఆమె మాటలు వెంటపడి తరుముతాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఎవరైనా నీతి చెప్పబోతే, ఊరు నాతో ఎప్పుడు మంచిగా ఉండింది, ముందు అది చెప్పు అని అడుగుతుంది.

ఎదురింటి సౌమ్య కన్నడావిడ. ఏటా సంక్రాంతి సాయంత్రం పళ్లెంలో నువ్వులూ బెల్లమూ చెరుకు ముక్కా పెట్టుకుని వచ్చి, ఇది తిని మంచిమాట మాట్లాడమ్మా అంటుంది. వాళ్ల ఆనవాయితీ అది. నర్సమ్మ బెల్లం తింటుంది, చెరుకు నములుతుంది. మంచిమాట సంగతి వచ్చే ఏడు చూద్దాంలే అంటుంది. ఇట్లా ఎన్ని ఏళ్లు గడిచాయో సౌమ్య లెక్కపెట్టడం మానేసింది.

నర్సమ్మకు యాభై నాలుగో యాభై అయిదో. ఊరు కదిరి దగ్గర పల్లె. ఇరవై ఏళ్లు నిండకముందే మొగుడు చెన్నయ్యతో కలిసి బేల్దారి పనికి బెంగళూరు వచ్చింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్నాయి. ఇసుక మోసింది, ఇటుక మోసింది. కట్టిన గోడలకు పొద్దున సాయంత్రం నీళ్లు పట్టే పని ఎక్కువగా ఆమెదే. ఇప్పుడు అటువైపు పోయినప్పుడల్లా, ఈ గోడల్లో సగానికి పైగా నేను నీళ్లు పోసి పెంచినవే, ఒక్కటన్నా నన్ను పలకరిస్తుందా చూడు అని కోడలితో అంటుంది. మోకాళ్లు అరిగిపోయాక తట్ట దించి కూరగాయల గంప ఎత్తుకుంది. చందాపురలో ఇరవై అడుగులకు ముప్పై అడుగుల జాగా కొని, మూడు గదుల ఇల్లు కట్టి, పైన మిద్దె వేయించింది. ఆ మిద్దెకూ ఆమే నీళ్లు పట్టింది. కొడుకు అంజి ఎలక్ట్రీషియన్. కోడలు రాధిక. ఇంటికి మొగదిక్కు లేకుండా ఇదంతా ఎట్లా చేశావని ఎవరైనా మెచ్చుకుంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. మొగదిక్కు ఉండింటే ఇది కూడా ఉండేది కాదని మొహం మీదే చెబుతుంది.

ఈసారి భోగి నాడు మిద్దె మీద ఎండలో ముగ్గురు ఆడవాళ్లు కూర్చున్నారు. మధ్యలో రాత్రంతా నానబెట్టిన అనపగింజల బేసిను. గింజను రెండు వేళ్ల మధ్య పట్టి పితికితే లోపలి పప్పు చటుక్కున బయటికి దూకుతుంది, తోలు వేళ్లలో మిగులుతుంది. ఒక్కరు చేస్తే తెమలని పని. నలుగురు కూర్చుని ఊసులాడుకుంటూ చేస్తే పొద్దు తెలియదు. పితికిన పప్పు పులుసు లేకుండా కదిరి వాళ్లకు సంక్రాంతి లేదు. నర్సమ్మ పక్కన కోడలు రాధిక, ఎదురుగా పక్కింటి సమీనా. సమీనాది మదనపల్లె. ముప్పై ఏళ్ల కిందట ఇద్దరూ ఒకే సైటులో పక్కపక్క రేకుల షెడ్లలో ఉండినవాళ్లు. ఏటా భోగి నాడు పితకడానికి వస్తుంది, పండుగ నాడు భోజనానికి వస్తుంది. రంజాన్‌కు సేమియా పంపుతుంది. నర్సమ్మ కోపాన్ని చూసి నవ్వే ధైర్యం ఈ వీధిలో ఆమె ఒక్కదానికే ఉంది.

మాటల మీద మాట నడుస్తుండగా రాధిక తల ఎత్తకుండానే అడిగేసింది.

"అత్తా, మామకు నాలుగు మూరల పంచె పెట్టాల్నా, ఎనిమిది మూరలదా? ఆయన రెండూ తెచ్చి పెట్టినాడు."

నర్సమ్మ వేళ్లలోని గింజ జారి ఎటో పోయింది. సమీనా చెయ్యి కూడా ఆగింది. రాధిక నాలుక కరుచుకుంది గానీ, మాట అప్పటికే దాటిపోయింది.

"యా మామకు?" అంది నర్సమ్మ.

ఆ మామ సంగతి చెప్పాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి పోవాలి. అది కూడా భోగి నాడే. అంజికి ఆరేళ్లు. నర్సమ్మ అత్త ఓబులమ్మ కొడుకు దగ్గర పండుగ చేసుకుందామని కదిరి నుంచి బస్సెక్కి వచ్చింది. కొత్త బియ్యం, కందిపప్పు, బెల్లం, చేలో కోసిన అనపకాయలు అన్నీ ఒక గోనెసంచిలో మోసుకొచ్చింది. విడిగా చిన్న మూటలో రాగిపిండి. నర్సమ్మ రెండు నెలల కూలిలో మిగిల్చి చెన్నయ్యకు అంచు పంచె కొన్నది. భోగి నాడు చెన్నయ్య తలంటు పోయించుకున్నాడు. పండుగకు కట్టుకోవాల్సిన కొత్త పంచె ఆ పూటే కట్టుకున్నాడు. చెరుకు తెస్తానని బయటికి పోయాడు. గోనెసంచి ఎప్పుడు తీసుకుపోయాడో ఎవరూ చూడలేదు. పొద్దు గూకాక తెలిసింది, పక్క సైటులో పనిచేసే ఒకామె కూడా ఆ రోజే మాయమైందని. మాలూరు వైపు పోయారని తర్వాత ఎవరో చెప్పారు.

మర్నాడు పండుగ. ఇంట్లో ఉన్నది రాగిపిండి. చుట్టూ షెడ్లలో పెనాల మీద తీపి ఓళిగలు కాలుతున్న వాసన. నర్సమ్మ సంగటి కెలికి, ముద్ద చేసి, ఉప్పుగల్లు, పచ్చిమిరపకాయ పక్కన పెట్టింది. అంజి ఓళిగ కావాలని ఏడ్చాడు. ముద్దను తోసేశాడు. అప్పుడు నర్సమ్మ చేతిలో సంగటి తెడ్డు ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటారు. నర్సమ్మకు అత్త మీద ఏ కోపమూ లేదు. కోపం తెప్పించినవాడు కొత్త పంచెతో ఎక్కడో చెరుకు నములుతున్నాడు. తెడ్డు పిల్లవాడి కనుబొమ మీద పడింది. నెత్తురు కారుతుంటే, తిను, ఒక్క పిసరు ఇడిసినా సంపుతా అని అరిచింది. వాడు తిన్నాడు. ఎక్కిళ్లు పడుతూ ముద్దంతా తిన్నాడు.

ఆ కనుబొమ మీద ఇప్పటికీ పెన్సిలు మందాన వెంట్రుక మొలవని గీత ఉంది. అడిగినవాళ్లకు అంజి, చిన్నప్పుడు సైటులో ఇనుప కమ్మీ తగిలిందని చెబుతాడు. ఆ మాట వాడికి నేర్పింది నర్సమ్మే. వాడు అదే నిజమనుకుంటున్నాడని ఆమె నమ్మకం.

ఓబులమ్మ మాత్రం కదిరికి తిరిగి పోలేదు. కడుపున పుట్టినోడు పోయినాడు, నేను పోనని అక్కడే ఉండిపోయింది. మనవణ్ణి సాకింది, కోడలు పనికి పోతే సంగటి కెలికి పెట్టింది, ఆరేళ్ల కిందట నర్సమ్మ ఒడిలోనే కన్ను మూసింది. పెద్దల పండుగ నాడు నర్సమ్మ మనసారా ఆకు వేసేది ఆమెకే.

వాళ్ల ఇళ్లలో సంక్రాంతి అంటే పెద్దల పండుగ. పోయినవాళ్లకు తలా ఒక అరిటాకు వేసి, వండినవన్నీ వడ్డించి, ముందు కొత్త బట్టలు పెట్టి, వాళ్లు తినే వేళకు తలుపు దగ్గరికి వేసి అందరూ బయటికి వచ్చేస్తారు. కాసేపటికి తలుపు తీసి కర్పూరం వెలిగిస్తారు. ఎవరి ముందు పెట్టిన బట్ట ఎవరు కట్టుకుంటే, ఆ ఆకులోది వాళ్లే తినాలి. పెద్దలు ముట్టినది పారేయకూడదు. ఓబులమ్మ చీర ఏటా నర్సమ్మే కట్టుకుంటుంది, ఆ ఆకు ముందు తనే కూర్చుంటుంది.

మొన్నటి దీపావళికి కాదు, అంతకు ముందు దీపావళికి చెన్నయ్య మాలూరులో పోయాడు. వెంట పోయినామె ముందే చనిపోయింది, పిల్లలు లేరు. అంజికి ఎవరో ఫోను చేస్తే పోయి కొరివి పెట్టి వచ్చాడు. గాజులు తీయాలి కదా అని వీధిలో ఎవరో నసిగితే, ఎప్పుడో పగిలినవి మళ్లీ యాడ తెచ్చి పగలగొట్టాల అని నర్సమ్మ వాళ్ల నోరు మూయించింది. పోయిన సంక్రాంతికి ఏటి మైల అని అంజి ఇంట్లో పండుగ చేయనివ్వలేదు. ఓబులమ్మకు ఆకు వేయని సంక్రాంతి అదొక్కటే. ఆ మంట నర్సమ్మకు ఇంకా ఆరలేదు. ఇప్పుడు ఏడాది నిండింది, చెన్నయ్య పెద్దల్లో కలిశాడు. కాబట్టి ఆకు వేయాలి, బట్ట పెట్టాలి. ఇదీ అంజి పంచె తేవడం వెనక ఉన్న లెక్క.

మిద్దె మీద నర్సమ్మ మళ్లీ బేసిను మీదికి వంగింది. గింజలు పితుకుతూనే ఉంది. పప్పు నలిగి ముద్దవుతోంది. సమీనా బేసిను తన వైపు లాక్కుని, పప్పు ఏం చేసిందక్కా, దాని ప్రాణం తీస్తుండావు అంది. పోయినోడికి ఒక ఆకు వేస్తే నీదేం పోతుందని కూడా మెల్లగా అంది. నర్సమ్మ ఆమె వంక చూసిన చూపుకు సమీనా కూడా నవ్వడం ఆపేసింది.

సాయంత్రం అంజి పని నుంచి వచ్చి చెప్పులు విడవకముందే మొదలైంది. చచ్చినోడి కండ్లు చారెడు అన్నట్టు, ఇప్పుడు మీ నాయన నీకు దేవుడైనాడా అని అడిగింది. ఆయప్ప పంచె ఆయప్ప ముందే ఎత్తుకపోయినాడు, మళ్లీ ఒకటి ఎందుకని అడిగింది. తట్ట మోసి మోసి నెత్తిన వెంట్రుకలు రాలిపోయిన రోజులు, పిల్లవాడికి జ్వరమొస్తే నీళ్ల డ్రమ్ము పక్కన పడుకోబెట్టి గోడలు తడిపిన రోజులు, అద్దె షెడ్డు ఖాళీ చేయమన్న రోజులు ఒక్కటి కూడా వదలకుండా అన్నీ ఎత్తింది. వీధిలో నడిచేవాళ్లు నడక తగ్గించి విన్నారు. అంజి గోడకు ఆనుకుని నిలబడి అన్నీ విన్నాడు. వాడికి గొంతు పెంచడం రాదు. ఇంటికి సరిపడా అరుపు తల్లి ఒక్కతే అరుస్తుంది.

చివరికి వాడన్నది ఒక్క మాటే.

"పెట్టకపోతే ఆకలితో ఇంటి చుట్టూ తిరుగుతారంట మా. అందరూ అంటాండారు."

"బతికుండగా ముప్పై ఏండ్లు ఈ పక్కకే తిరగనోడు, సచ్చినంక తిరుగుతాడా?" అంది నర్సమ్మ. "తిరగనీ. కాళ్లు నొప్పి పుట్టేదాకా తిరగనీ."

అంజి తల దించుకున్నాడు. ఈ ఒక్కసారి పెట్టి పంపించేద్దాం మా, ఇంక ఆయప్ప మాట ఈ ఇంట్లో వద్దు అన్నాడు. ఆ గొంతులో ఏదో అలసట ఉంది. నర్సమ్మ దాన్ని పట్టించుకోలేదు. ఆమెకు అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. అది వచ్చాక అరుపు దానంతట అదే ఆగిపోయింది.

సరే, పెడతా, ఆయప్పకు ఏం పెట్టాల్నో నాకు తెలుసు అంది. అంజి ఊపిరి పీల్చుకున్నాడు. రాధికకు మాత్రం అత్త అరవకుండా ఉండటం చూసి భయమేసింది.

పండుగ నాడు తెల్లవారకముందే నర్సమ్మ కట్టెల పొయ్యి వెలిగించింది. కొత్త బియ్యం అన్నం, పితికిన పప్పు పులుసు, గుమ్మడికాయ కూర, వడలు, ఓళిగలు. రాధిక సాయం చేయబోతే ముగ్గు వేసుకోమని బయటికి తోలింది. అన్నీ అయ్యాక ఇంకో చిన్న గిన్నె పొయ్యి మీద పెట్టింది. అటక మీది నుంచి ఓబులమ్మ వాడుతూ వచ్చిన ఆనాటి సంగటి తెడ్డు దించి, కడిగి, రాగిపిండి వేసి కెలికింది. కెలుకుతుంటే చేతికి బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. గిన్నె పొయ్యి మీద గడగడలాడింది. తిను నాయనా, తిను, ముప్పై ఏండ్లు నీకోసరం దాచిపెట్టినా అని గొణుక్కుంటూ ముద్ద తిప్పింది. ఆ ముద్దతో పాటు ఆమె ఒంట్లోని కోపమంతా ఒక్కచోటికి వచ్చి గట్టిపడింది. ఎన్నో ఏళ్లకు ఆమెకు పండుగ పూట హాయిగా అనిపించింది.

నడుమ గదిలో మూడు ఫొటోలు. ఆమె ఎన్నడూ చూడని మామ, ఓబులమ్మ, చివరన చెన్నయ్య. పాత గుర్తింపు కార్డులోంచి అంజి పెద్దది చేయించిన ఫొటో అది. మూడు ఆకులు వేసి, వడ్డించేది నేనే, ఎవరూ లోపలికి రావద్దని నర్సమ్మ తలుపు వేసుకుంది. మామకు వడ్డించింది. ఓబులమ్మ ఆకులో ఓళిగ మీద నెయ్యి రెండుసార్లు వేసింది. మూడో ఆకు మధ్యలో నల్లటి సంగటి ముద్ద పెట్టింది. పక్కన ఉప్పుగల్లు, పచ్చిమిరపకాయ. దాని ముందు కొత్త పంచె మడత. ఫొటోలోని మొహం వంక చూసి, ఆ పొద్దు మేము తిన్నింది ఇదే, నీది నువ్వు తిను అని చెప్పి బయటికి వచ్చింది.

బయట సమీనా కొత్త చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. కాసేపు ఆగి అంజి తలుపు తీశాడు. రాధిక కర్పూరం పళ్లెంతో వాడి వెనకే నిలబడింది. మూడో ఆకు కనబడగానే పళ్లెం ఆమె చేతుల్లోనే ఆగిపోయింది. సమీనా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ముద్ద సంగతి ఆమెకు తెలుసు. ఆ రోజు పక్క షెడ్డులోంచి పిల్లవాడి ఏడుపు విన్నది ఆమే.

నర్సమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. కొడుకు కొట్లాడతాడని ఎదురుచూసింది. చెప్పాల్సినవన్నీ నాలుక మీద వరుసగా పెట్టుకుంది. అంజి లోపలికి అడుగుపెట్టాడు. రాధిక చేతిలోంచి పళ్లెం తీసుకుని మూడు ఫొటోలకూ హారతి ఇచ్చాడు. పంచె మడత విప్పి ప్యాంటు మీదనే చుట్టుకున్నాడు. మూడో ఆకు ముందు చాప లాక్కుని కూర్చున్నాడు.

అప్పుడు తెలిసింది నర్సమ్మకు, తాను ఏం చేసిందో. ఎవరి బట్ట కడితే వాళ్ల ఆకు. ఏటా ఓబులమ్మ ఆకు ముందు కూర్చునే మనిషికి ఈ మాట ఎట్లా మరుపుకొచ్చింది? ముప్పై ఏళ్ల కోపం కళ్లకు అడ్డం పడితే ఎదుట ఉన్న కొడుకు కూడా కనబడలేదు. ఫొటోలోని మనిషి చల్లగా గోడకు వేలాడుతున్నాడు. ముద్ద ముందు కూర్చున్నది అంజి.

"లెయ్‌రా. అది నీది కాదు" అంది.

అంజి ముద్దకు బొటనవేలితో గుంట చేశాడు. ఉప్పు అద్దాడు. తల ఎత్తి తల్లి చేతి వంక చూశాడు. ఆ చేతిలో ఇంకా తెడ్డు ఉంది. వంటింట్లోంచి ఎప్పుడు తెచ్చిందో ఆమెకే తెలియదు.

"కొట్టాల్సిన పనిలేదులే మా" అన్నాడు. "ఈసారి ఊరికే తింటా."

మాట మామూలుగానే అన్నాడు. కనుబొమ మీద గీత అక్కడే ఉంది. ఇనుప కమ్మీ కథను వాడు ఒక్కరోజు కూడా నమ్మలేదని, తల్లి కోసం ముప్పై ఏళ్లుగా నలుగురికీ అదే చెబుతూ వచ్చాడని నర్సమ్మకు అర్థమైంది. తలుపు చాటున రాధిక వెక్కి ఏడ్చింది. నర్సమ్మ ఏడవలేదు. ఆమెకు మళ్లీ కోపం వచ్చింది. ఈసారి వచ్చిన కోపం ముందెప్పుడూ రానిది. ముప్పై ఏళ్లలో తన దెబ్బ ఒక్కటి కూడా ఆ మాలూరు వాడిని తాకలేదు. తిట్టు, చురక, చిరాకు అన్నీ ఈ పిల్లవాడి మీదే పడ్డాయి. వాడు తోసిపారేసి పోయినవన్నీ వీడు తిన్నాడు.

వంగి, కొడుకు చేతి కింది నుంచి ఆకు లాగేసింది. పెద్దలు ముట్టింది తీయకూడదత్తా అని రాధిక అనబోయింది. ఆయప్పది ఆయప్పే తింటాడు, నా కొడుకు తినడు అని నర్సమ్మ తెడ్డు చంకలో ఇరికించి, ఆకును రెండు చేతులా పట్టుకుని మిద్దె మెట్లు ఎక్కింది. మోకాళ్లు కలుక్కుమంటుంటే మెట్టుమెట్టుకూ చెన్నయ్య వంశాన్ని తిడుతూ ఎక్కింది. సగంలో ఓబులమ్మ గుర్తొచ్చి, వంశంలోంచి ఆమెను మినహాయించింది.

పిట్టగోడ మీద ఆకు పెట్టింది. నిన్నటి అనప తొక్కలు ఓ మూల ఎండుతున్నాయి. ఎదురింటి మిద్దె మీద సౌమ్య బట్టలు ఆరేస్తూ, ఏమయిందని కన్నడంలో అడిగితే, పండుగ చేస్తుండా అని జవాబిచ్చింది. కాకి రాలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కింద సమీనా మెట్ల మొదట్లో నిలబడి, అందరూ ఆకలితో ఉండారక్కా, దిగు అని పిలిచింది.

"నా కొడుక్కి వాళ్లవ్వ ఆకు పెట్టండి. ఓళిగ మీద నెయ్యి బాగా వేయండి" అని పైనుంచే అరిచింది నర్సమ్మ. "ఈడ తినేవాడు తినేదాకా నేను దిగను."

ఇంకా చాలాసేపటికి ఒక కాకి వచ్చి పిట్టగోడ మీద వాలింది. తల అటూ ఇటూ తిప్పి సంగటి వంక చూసింది. నచ్చనట్టు రెండడుగులు పక్కకు జరిగింది. నర్సమ్మ తెడ్డు ఎత్తింది. పిల్లవాడి ఎక్కిళ్లు ఆమె చెవుల్లో మోగుతున్నాయి.

"తిను" అంది. "ఒక్క పిసరు కూడా ఇడవద్దు."

కాకి ముద్దలో ముక్కు గుచ్చింది. నర్సమ్మ తెడ్డు దించకుండా, రెప్ప వేయకుండా అక్కడే నిలబడింది. అది పొడిచి పొడిచి తింటుంటే ఒక్కొక్క పొడుపూ చూసింది. ఆకు మీద ఉప్పుగల్లూ పచ్చిమిరపకాయా మాత్రమే మిగిలాక ముక్కు గోడకు రాసుకుని ఎగిరిపోయింది.

కిందికి దిగేసరికి అంజి ఓబులమ్మ ఆకు ముందు కూర్చున్నాడు. తినడం మొదలుపెట్టలేదు. తల్లి కోసం చూస్తున్నాడు. ఆమె నేరుగా వంటింట్లోకి పోయి తెడ్డును పొయ్యిలోకి విసిరేసింది. నెయ్యి గిన్నె అందుకుని వాడి పక్కనే కూలబడింది. ఒక్క ఓళిగ పెట్టి ఊరుకున్నావా, చేతులు పడిపోయినాయా, ఇంకోటి వెయ్యి అని రాధికను కసిరింది.